నేల ఒరిగిన ఫోటోలు

మార్చి 4, మంగళవారం

ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపినదాన్ని. పన్నెండు మీటర్ల బండిని ఏ సందులోనైనా వెనక్కి తిప్పి చూపిస్తాను. ఇవాళ అక్క తన కెమెరా నా మెడలో వేయించినప్పుడు మాత్రం దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియలేదు. వేయించినప్పుడు అని ఎందుకన్నానంటే, తను వేయలేదు, నర్సు వీబె వేశాడు. అక్క చేతులు జనవరి నుంచి లేవడం లేదు.

పదకొండింటికి కాఫీకి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా మంగళవారం పదకొండింటికే. జనవరి ఒకటో తారీఖునే నా పాకెట్ డైరీలో డిసెంబరు దాకా అన్ని మంగళవారాలకూ రాసేసుకుంటాను: 11.00, హిస్కె, కాఫీ. సొంత అక్కే, ఉండేది పక్క వీధే. అయినా డైరీలో రాసుకోకుండా వెళ్ళి తలుపు కొట్టడం మా ఇంటా వంటా లేదు. కాఫీతో ఒక బిస్కెట్. ఒక్కటే. అది తీసుకోగానే డబ్బాకి మూత. మా అమ్మ అంతే, అమ్మమ్మ అంతే, మా ఊరు ఊరంతా అంతే.

అక్క మంచం ఇప్పుడు ముందుగదిలో, కిటికీ పక్కన. తెర వెయ్యనివ్వదు. వీధిలో పోయేవాళ్ళందరూ చూస్తారక్కా అంటే, చూడనీ, నేనూ వాళ్ళని చూస్తున్నాగా అంటుంది.

కండరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. కాళ్ళు అయ్యాయి, చేతులు అయ్యాయి. తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి. అందాకా ఆగనని అక్క ముందే చెప్పేసింది. మా దేశంలో చట్టం ఒప్పుకుంటుంది. కాగితాలు ఫిబ్రవరిలోనే అయిపోయాయి, ఇద్దరు డాక్టర్లు విడివిడిగా వచ్చి చూసి సంతకాలు పెట్టారు. అక్క చాలు అన్న రోజున డాక్టర్ టేర్ప్‌స్ట్రా వచ్చి ప్రాణం పోయే మందు ఎక్కిస్తుంది. తేదీ ఒక్కటే మిగిలింది.

ఇవాళ డబ్బా మూత వేశాక అసలు సంగతి చెప్పింది. నువ్వు రోజుకొక ఫోటో తే. ఒక్కటే. దాన్ని చూశాక రేపటిది కూడా చూడాలనిపిస్తే ఉంటాను. అనిపించని రోజున డాక్టరుకి ఫోన్ చేయిస్తాను, అని.

ఇదేం దిక్కుమాలిన బేరమక్కా అన్నాను. బేరం కాదే, టైంటేబుల్ అనుకో, నీకలవాటేగా, అంది.

ఇంకో షరతు కూడా పెట్టింది. ఎవరూ సర్దిపెట్టనిదాన్ని తియ్యాలట. తను ముప్ఫై నాలుగేళ్ళు మా ఊరి మ్యూజియంలో ఫోటోలు తీసింది. పళ్ళేలు, గిన్నెలు, పటాలు. అన్నీ ఎవరో దీపాలు పెట్టి, గుడ్డ పరిచి, సర్దిపెట్టినవే. పోయేముందైనా సర్దనివాటిని చూడనివ్వు అంది.

సరే అన్నాను. ఇంకేమంటాను.

మార్చి 5, బుధవారం

కాలవ పక్క ప్రిన్స్ తోటకి వెళ్ళాను. గడ్డిలో ఊదారంగు పూలు వచ్చాయి. బాగానే ఉన్నాయి కదా అని తీశాను. అక్క చూసి, నేల ఒరిగింది, అంది.

ఏంటీ అన్నాను. ఫోటోలో నేల కుడికి ఒరిగిపోయిందే, పూలన్నీ కాలవలోకి జారిపోతున్నాయి చూడు, అంది. మన ఫ్రీస్‌లాండ్ సీమలో గుట్ట లేదు, మిట్ట లేదు, దేవుడు స్కేలు పెట్టి గీసిన నేల, దాన్ని కూడా ఒరగదీశావంటే నువ్వు మామూలుదానివి కాదు, అంది. వీబె కిసుక్కున నవ్వాడు. వాడికి జీతమిస్తున్నది నవ్వడానికి కాదు.

అయినా రేపు కూడా తెమ్మంది.

మార్చి 9, ఆదివారం

మ్యూజియంకి వెళ్ళాను. అక్క అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు నేను. బస్సు మాత్రం రోజుకు పదిసార్లు దాని ముందు ఆపేదాన్ని.

అద్దాల పెట్టెలో నీలం పువ్వుల గిన్నె ఒకటి ఉంది, చైనాది. అందరూ దాని ముందే నిలబడుతున్నారు. నేనూ నిలబడి తీశాను. తీరా చూస్తే అద్దంలో నా ఎర్ర జాకెట్టు, నా బుర్ర. ఛీ అనిపించింది. వేరేది తీసే ఓపిక లేక అదే పట్టుకెళ్ళాను.

అక్క గిన్నె వంక చూడనే లేదు. దాన్ని తను మూడుసార్లు తీసిందట. ఎడమ మూల చూడు, అంది. చూశాను. అద్దంలో, నా వెనకాల, కాపలా ఆవిడ ఒక బూటు విప్పేసి, ఆ పాదాన్ని రెండో కాలి పిక్క మీద రుద్దుకుంటోంది. మొహంలో ఎంత సుఖమో. పొద్దున్నుంచి నిలబడి నిలబడి ఉంటుంది పాపం.

అదిగో, దాన్ని ఎవరూ సర్దలేదు, అంది అక్క. నేను దాన్ని చూడలేదక్కా అన్నాను. చూడకుండా తీశావు, ఈసారి చూసి తియ్యి, అంది.

మార్చి 17, సోమవారం

వాన. కాలవలో బాతు. నేల ఒరిగింది.

మార్చి 30, ఆదివారం

గడియారాలు గంట ముందుకి జరిపారు. ఏటా జరిపేదే. ఏటా పట్టించుకోను. ఇవాళ మాత్రం వంటింటి గడియారం ముల్లు తిప్పుతుంటే ఒళ్ళు మండిపోయింది. మాకున్నవే ఇన్ని గంటలు, అందులో ఒకటి ఎవరినడిగి తీశారు?

అక్కతో అంటే, అక్టోబరులో తిరిగి ఇచ్చేస్తారులే, అంది. నేను లేచి తన గడియారం ముల్లు కూడా తిప్పాను.

ఏప్రిల్ 6, ఆదివారం

సముద్రపు కట్ట దాకా సైకిలు తొక్కాను. ఎదురుగాలి, తొడలు పట్టేశాయి. కట్ట మీద గొర్రెలు, ముప్ఫై దాకా, అన్నీ గాలికి వీపు పెట్టి నిలబడ్డాయి. ఒక్కటి మాత్రం గాలికి ఎదురుగా మొహం పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. దాన్ని తీశాను.

ఇది నువ్వే, అంది అక్క. గొర్రెనా అన్నాను. మొండిఘటానివి అంటున్నానే, అంది. గోడకి అంటించమంది. వీబె అంటించాడు. నేల మాత్రం ఒరిగిందట.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఇవాళ అక్క గట్టిగానే గడ్డి పెట్టింది. నీ ఫోటోలన్నీ ఒకే దూరం నుంచి ఉన్నాయే. డ్రైవరు సీట్లో కూర్చుని తీసినట్టున్నాయి. నీకూ మనుషులకీ మధ్య ఎప్పుడూ ఒక అద్దం. బస్సు దిగవే మింకె, దిగి చావు, అంది.

కడుపు మండింది. ఆ బస్సే నాకు తిండి పెట్టింది, నీకు పళ్ళేలు పెట్టినట్టే, అని తలుపు దభాలున వేసి వచ్చేశాను.

కోపంతోనే తోటలోకి నడిచాను. తోటమాలి తోపుడు బండి మీద కూర్చుని చీజు బ్రెడ్డు తింటున్నాడు. పైన చెర్రీ చెట్టు. టోపీ మీద, భుజాల మీద, బ్రెడ్డు మీద తెల్లటి రెక్కలు రాలుతున్నాయి. దులుపుకోవడం లేదు, తినేస్తున్నాడు. మామూలుగా అయితే అవతలి బెంచీ దగ్గరే ఆగేదాన్ని. ఇవాళ నేరుగా వెళ్ళి ఆయన మోకాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఫోటో తీసుకోవచ్చా అన్నాను. తీసుకోండి, రెక్కలు తింటున్నానని మా ఆవిడకి మాత్రం చెప్పకండి, సాయంత్రం కూర వండటం మానేస్తుంది, అన్నాడు.

అక్క ఆ ఫోటోని చాలాసేపు చూసింది. దిగావు, అంది. అంతే.

వీధి మలుపు దాకా ఏడ్చుకుంటూ నడిచాను. ఇంటికొచ్చి ముక్కు చీదుకుని బంగాళదుంపలు ఉడకేశాను.

ఏప్రిల్ 26, శనివారం

రాజుగారి పుట్టినరోజు. ఊరంతా రాజవంశపు నారింజ రంగు. ఇంట్లో పాత సామాన్లన్నీ వీధిలో దుప్పటి పరిచి అమ్ముకునే రోజు కూడా ఇదే.

వంతెన దగ్గర ఒక ముసలాయన మడత కుర్చీలో కూర్చుని ఆడవాళ్ళ చెప్పులు అమ్ముతున్నాడు. ఇరవై జతలు, అన్నీ ఒకే సైజు. ఎవరివండీ అంటే మా ఆవిడవి అన్నాడు. ఇవి చర్చికి, ఇవి డాన్సుకి, ఇవి మోకాలు నొప్పి వచ్చాక కొన్నవి అని వరసగా చెప్పాడు. ఇంతలో ఒకావిడ వచ్చి ఒక జతలో కాలు పెట్టి చూసుకుంది. ఆయన అది చూడలేక మెడ పక్కకి తిప్పేసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. తీశాను. తీసినందుకు సిగ్గేసింది కూడా.

అక్క అంది, చెప్పులు సర్దినవే, మెడ మాత్రం సర్దింది కాదు, అని. తర్వాత, రేపు ఏం తెస్తావు, అని అడిగింది.

యాభై మూడు రోజుల్లో మొదటిసారి తనంతట తను అడిగింది. దారిలో నారింజ క్రీము కేకు కొనుక్కుని నడుస్తూనే తినేశాను. ఇంకొకటి కొనుక్కుని అదీ తిన్నాను. నా మొహాన క్రీము చూసి ఎవరేమనుకున్నా సరే. అక్క సెప్టెంబరు దాకా ఉంటుంది. ఇలాంటివి తెస్తే ఎందుకుండదు?

మే 14, బుధవారం

అక్కకి అరవై తొమ్మిది నిండాయి. మంచం చుట్టూ కుర్చీలు గుండ్రంగా వేశాను. ఇరుగుపొరుగు ఆరుగురు వచ్చారు. మీ అక్కగారి పుట్టినరోజండీ, మీకు అభినందనలు, అని ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకుని ఊపారు. వీబె చెయ్యీ ఊపారు. ఒకళ్ళ చేతులొకళ్ళు కూడా ఊపుకున్నారు. ఎప్పుడూ చేసేదే. అక్క చెయ్యి మాత్రం ఎలా ఊపాలో తెలియక దుప్పటి మీద తట్టి వదిలేశారు. ఎదురింటావిడ, మళ్ళీ ఏడాదికి, అని మొదలుపెట్టి నోరు మూసేసుకుంది.

అక్క కేకు అడిగింది. గోరంత ముక్క పెట్టాను. నేనే పెట్టాను, నా చేత్తో. గొంతులో అడ్డం పడింది. మొహం నీలంగా తిరిగిపోయింది. వీబె పక్కకి తిప్పి, వేలు పెట్టి తీశాడు. ఎంతసేపో తెలియదు. ఆరుగురూ ప్లేట్లు పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. తర్వాత ఒక్కొక్కరే థాంక్యూ చెప్పి వెళ్ళిపోయారు.

ఫోటో: ఆరు ఖాళీ కుర్చీలు, గుండ్రంగా. అక్క చూసి, ఇది సర్దిందేగా, అంది. గొంతు తనది కాదు.

మే 23, శుక్రవారం

అక్కకి మాట ముద్దముద్దగా వస్తోంది. ఒక్కో మాటకి మధ్య ఊపిరి తీసుకోవాలి. తిండి అంతా చిక్కటి గంజి లాంటిదే.

మ్యూజియంలో ఇవాళ ఇద్దరు ముసలాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒకే కళ్ళజోడు. ఒకాయన పెట్టుకుని పటం చూసి, ఇందులో కుక్క ఉందిరా అంటాడు. రెండో ఆయన లాక్కుని పెట్టుకుని, కుక్క కాదు నీ మొహం, దూడ అంటాడు. కళ్ళజోడు ఇద్దరి చేతుల్లో ఉండగా తీశాను.

అక్క నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు పావుగంట ఆగలేదు.

నవ్వించే ఫోటో తేవాలంటే భయమేస్తోంది. తేకపోతే ఇంకా భయం.

జూన్ 1, ఆదివారం

రాత్రంతా అక్కకి ఊపిరాడలేదట. వీబె ఫోన్‌లో చెప్పాడు. పొద్దున్నుంచి వాన. బయటికి వెళ్ళబుద్ధి కాలేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాను. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఏప్రిల్‌లో తీసిన గొర్రె ఫోటోలు రెండు మూడు మిగిలాయి. ఒకదానికి రంగు తీసేసి, అంచులు కత్తిరించి పట్టుకెళ్ళాను.

అక్క చూసింది. నేల ఒరిగిందని కూడా అనలేదు.

జూన్ 2, సోమవారం

అదే గొర్రె, అంది. రంగు తీసేస్తే గొర్రె మారదే, అంది.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇవాళ్టి ఫోటో చూసింది. రేపటిది అడగలేదు.

జూన్ 3, మంగళవారం

పదకొండింటికి వెళ్ళేసరికి డాక్టర్ టేర్ప్‌స్ట్రా కూర్చుని ఉంది. అక్కే పిలిపించిందట. కాఫీ నేనే పోశాను. తలా ఒక బిస్కెట్. మూత.

అక్క చెప్పింది. గొంతు ఇంకో రెండు వారాల్లో పోతుంది, చాలు అన్న మాట నా నోటితో నేనే చెప్పాలి, ఇంకెవరూ నా బదులు చెప్పకూడదు, అని. ఆ ముక్క చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. డాక్టరు మధ్యలో అందించలేదు. అంతా విని, నిజంగానే కావాలా అని అడిగింది. ఇంకో రకంగా మళ్ళీ అడిగింది. తర్వాత తన డైరీ తీసి, వచ్చే గురువారం, పన్నెండో తారీఖు, మధ్యాహ్నం రెండున్నర అయితే నాకు వీలవుతుంది, అంది.

అప్పుడు నేనేం చేశానో రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను. సంచిలోంచి నా పాకెట్ డైరీ తీశాను. పేజీ తిప్పాను. పన్నెండున నాకు కుదరదండీ, మా రిటైర్డ్ డ్రైవర్ల సైకిల్ యాత్ర ఉంది, పదమూడు ఖాళీ, అన్నాను.

పదమూడు, రెండున్నర, అని డాక్టరు రాసుకుంది. నేనూ రాసుకున్నాను, పెన్నుతో. రాశాక చూశాను ఏం రాశానో.

ముందుగా అక్కే నవ్వింది. మింకెకి ఖాళీ చూసుకుని పోవాలి నేను, అంది. అదీ శుక్రవారం పదమూడు, అందరూ అపశకునమనే రోజు, ఇంతకన్నా మంచి ముహూర్తం దొరుకుతుందా, అంది. వీబె వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

కాదక్కా, కాదు, అది కాదు నేనన్నది, అన్నాను. సెప్టెంబరంతా ఖాళీ, అక్టోబరు ఖాళీ, అని పేజీలు తిప్పి తిప్పి చూపించాను డాక్టరుకి. ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేసింది. అక్క అంది, పదమూడు బాగుంది, అని.

నోరా వీపుకు తేకే అంటారు. నా నోరు నా వీపుకి కాదు, అక్క ప్రాణానికే తెచ్చింది.

జూన్ 4, బుధవారం

గొర్రె వల్లేనా అని అడిగాను. కాదే పిచ్చిమొద్దూ, గొంతు వల్ల, అంది.

నమ్మలేదు.

జూన్ 5, గురువారం

సైకిల్ యాత్ర మానేస్తానన్నాను. మానావో, పన్నెండుకే జరిపించేస్తాను, అంది. దాని కోసమేగా పదమూడు అయింది, వెళ్ళి ఫోటో పట్టుకురా, అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మొహం నాకు తెలుసు. చిన్నప్పుడు చెరువు మీద పల్చటి మంచు పలక మీదికి నడిచినప్పుడూ అదే మొహం.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే ఆరింటికి బయల్దేరుతున్నాను. తోట, చేపల బజారు, మ్యూజియం, స్టేషను, మళ్ళీ తోట. రోజుకి వంద తీస్తున్నాను. కాళ్ళు వాచాయి. ఒకటి ఉంటుంది ఎక్కడో. అది చూస్తే అక్క, రేపు ఏం తెస్తావు అంటుంది. అన్న మరుక్షణం డాక్టరుకి నేనే ఫోన్ చేస్తాను.

ఇవాళ మ్యూజియం పెరట్లో ఒకమ్మాయి రాతి దేవత చెవిలో పాచి తీస్తోంది, టూత్‌బ్రష్‌తో. రెండో చేత్తో దేవత గడ్డం పట్టుకుంది, తల కదపకు అన్నట్టు. ఎంత ముచ్చటేసిందో.

బాగుంది, అంది అక్క. నిన్నటిది కూడా బాగుందనే అంది. మొన్నటిది కూడా. మూడు నెలల్లో ఎన్నడూ అనని మాట. అక్క నాతో మర్యాదగా మాట్లాడుతోంది. ఆ మర్యాద చూస్తుంటే నాకు ఏడుపొస్తోంది.

జూన్ 12, గురువారం, సాయంత్రం 8

దొరికింది.

ఏడుగురం వెళ్ళాం. మధ్యాహ్నం మూడింటికి కట్ట దారిలో వాన పట్టుకుంది. పొలాల మధ్య బస్సు షెల్టరు ఒకటే దిక్కు, అందరూ అందులోకి పరిగెత్తారు. ఆ రూటు నాదే, తొమ్మిదేళ్ళు నడిపాను. నాలుగేళ్ళ క్రితం ఎత్తేశారు. టైంటేబుల్ బోర్డు కూడా పీకేశారు, మేకుల కన్నాలు మిగిలాయి. నేను నా సైకిలు గోడకి ఆనించి వెనక్కి తిరిగాను. తిరిగి చూస్తే ఆరుగురూ వరసగా నిలబడి, ఆరు మెడలూ ఎడమకి తిప్పి, రోడ్డు చివరికి చూస్తున్నారు. బస్సు కోసం! ఆ బస్సు రాదని మాకన్నా తెలిసినవాళ్ళు ఎవరు? ఆరుగురూ డ్రైవర్లే. వాన నీళ్ళు ముక్కుల చివర్ల నుంచి కారుతున్నాయి. డుర్క్ అయితే ఆపమన్నట్టు చెయ్యి కూడా సగం ఎత్తేశాడు. వాళ్ళ వెనక తడిసిన నేల, బూడిదరంగు ఆకాశం. అంతే.

ఒక్కటే తీశాను. ఏం చూస్తున్నారర్రా అని అడిగాను. డుర్క్ సిగ్గుపడి చెయ్యి దించేసి, లేటయింది, అన్నాడు. ఏడుగురం కడుపు పట్టుకుని నవ్వాం.

ఏడింటికి అక్క ఇంటికి వెళితే నిద్రపోతోంది. లేపకండి, రేపు తెలివిగా ఉండాలంటున్నారు, అన్నాడు వీబె. సరేనని వచ్చేశాను.

వస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. రేపు చూపిస్తే, చూసి, బాగుంది అని, వెళ్ళిపోతే? అదే చూపించకపోతే? ఫోటో చూశాకే కదా అక్క లెక్క. చూడని ఫోటో ఒకటి ఉండగా ఎలా వెళ్తుంది? ముప్ఫై నాలుగేళ్ళు చూడటమే పనిగా బతికిన మనిషి.

జూన్ 13, శుక్రవారం, ఉదయం 7

చూపించను.

జూన్ 13, శుక్రవారం, సాయంత్రం 6

పదకొండింటికి వెళ్ళాను, మంగళవారం కాకపోయినా. వీబె అక్కకి తల దువ్వి నీలం చొక్కా తొడిగాడు. అక్క నన్ను చూసి, ఫోటో, అంది. ఒక్క మాటే.

రేపు చూపిస్తానక్కా, అన్నాను.

నా వంక చూసింది. పళ్ళెంలో వెంట్రుకంత బీటని పట్టుకునే కళ్ళు అవి. నా పన్నాగం పట్టడానికి ఎంతసేపు? కోప్పడలేదు. బాగా వచ్చిందా, అంది. ఎంత బాగా వచ్చిందంటే చూశావంటే ఇంకోటి అడుగుతావు, అందుకే రేపు, రేపు పొద్దున్నే తెస్తాను, అన్నాను. నా గొంతు నాకే బిచ్చగత్తె గొంతులా వినిపించింది. అక్క కిటికీలోంచి వీధిలోకి చూసింది.

కెమెరా నా కోటు జేబులో ఉంది. కోటు హాల్లో కొక్కేనికి ఉంది. ఆరడుగులు.

సరిగ్గా రెండున్నరకి బెల్లు మోగింది. నిమిషం తేడా లేదు. టైముకి వచ్చేవాళ్ళంటే నాకెప్పుడూ గౌరవం. జన్మలో మొదటిసారి ఒక మనిషి లేటయితే బాగుండునని మొక్కుకున్నాను.

కాఫీ పోశాను. బిస్కెట్ డబ్బా తిప్పి మూత వేయబోతే అక్క వద్దంది. తెరిచే ఉంచమంది. రెండోది తీసుకోండి, అంది డాక్టరుతో. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు ఇంతవరకు. డాక్టరు మొదటిదే తినలేదు.

నిర్ణయం అదేనా అని డాక్టరు అడిగింది. నేను అక్క మొహమే చూస్తున్నాను. ఇప్పుడంటుంది. ఫోటో చూడలేదుగా, రేపటిదాకా ఆగుదాం అంటుంది. ఇప్పుడంటుంది.

చాలు, అంది అక్క. ముద్దగా కాదు. స్పష్టంగా.

అప్పుడైనా లేవాల్సింది. ఆరడుగులు. లేవలేదు. ఎందుకు లేవలేదో అబద్ధం రాయకూడదు. డాక్టరు సూది సిద్ధం చేస్తున్నా నేనింకా పందెంలోనే ఉన్నాను. ఆఖరి నిమిషంలో ఆపుతుందనే అనుకున్నాను. బస్సు కదిలాక పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టేవాళ్ళని ఎంతమందిని చూడలేదు నేను. అక్క గెలవకూడదనుకున్నాను. అదీ నిజం.

చెయ్యి పట్టుకున్నాను. అక్క నా వైపు తిరిగి, ఒకటి చెప్పవే, అంది. నేల ఒరిగిందా?

రేపు నువ్వే చూసి చెప్పు, అన్నాను.

సరే, అన్నట్టు కళ్ళు మూసింది.

రెండూ నలభై ఎనిమిదికి అయిపోయింది. డాక్టరు టైము చూసి రాసుకుంది. వీబె కిటికీ తెర వేశాడు. ఆ కిటికీకి తెర ఉందన్న సంగతే మర్చిపోయాను.

జూన్ 14, శనివారం

రేపు వచ్చింది.

జూన్ 18, బుధవారం

అక్కని దహనం చేశారు. తర్వాత అందరికీ కాఫీ, తలా ఒక కేకు ముక్క. డుర్క్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఆ షెల్టర్ దగ్గర తీశావుగా, మీ అక్క చూసిందా, నవ్విందా, అని అడిగాడు.

నవ్వింది, అన్నాను.

జూన్ 24, మంగళవారం, 11.00

డైరీలో ఉంది: హిస్కె, కాఫీ. వెళ్ళాను. మంచం తీసుకెళ్ళిపోయారు. తెర తీశాను. రెండు కప్పులు పోశాను. గొర్రె పక్కన ఆ షెల్టరు ఫోటో అంటించాను.

నేల ఒరగలేదు అక్కా.